హైదరాబాద్ క్యాలెండర్, అలిపిరి సూర్యుడు

మొన్న ఈద్ నాడు షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యాక, పెద్దలంతా దిండ్లకు ఆనుకుని కునుకు తీయబోతున్న వేళ, నేనొక సవాల్ వేశాను. "మన అలిపిరి గరుడ విగ్రహం దగ్గర నిలబడ్డామనుకోండి. అక్కణ్ణుంచి ఏది దగ్గర? మన రాష్ట్రంలోనే ఉన్న ఇచ్ఛాపురమా, సముద్రం అవతల ఉన్న కొలంబోనా?"

పిల్లలు నవ్వారు. ఇదేం సవాల్ అన్నారు. మా ఖాలూ మాత్రం చాలా గంభీరంగా జవాబిచ్చారు. "ఇచ్ఛాపురం మనది కదరా. మనది దూరం ఎట్లవుతుంది?"

నక్షా మీద స్కేలు పెట్టి కొలిస్తే అలిపిరి నుంచి కొలంబో సుమారు 740 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం సుమారు 830. పరాయి దేశపు నగరం మన రాష్ట్రపు చివరి ఊరికన్నా 90 కిలోమీటర్లు దగ్గర. ఖాలూ ఫోన్ తీసి చూసుకుని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మాత్రం, కొలంబోకు బస్సుందా?" అన్నారు. నిజమే, లేదు. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. మన బుర్రలో ఉన్న నక్షా భూమిని చూసి గీసుకున్నది కాదు. బస్సులు, బంధుత్వాలు, భాష, గవర్నమెంట్ ఆఫీసులు కలిసి గీసిన నక్షా అది. పెళ్లిసంబంధాలకు, ట్రాన్స్‌ఫర్లకు అది సరిపోతుంది. కానీ మనం రోజుకు ఐదుసార్లు సూర్యుడితో, మక్కా దిక్కుతో పని పెట్టుకున్నవాళ్లం. మనకు అది సరిపోదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఉర్దూ మీడియం స్కూల్లో నాకు జుగ్రాఫియా చాలా ఇష్టమైన సబ్జెక్టు. అక్షాంశాన్ని మేము అర్జ్-ఉల్-బలద్ అనీ, రేఖాంశాన్ని తూల్-ఉల్-బలద్ అనీ చదువుకున్నాం. బలద్ అంటే పట్నం. పట్నం వెడల్పు, పట్నం పొడవు అన్నమాట. ఊరికి వెడల్పేమిటి, పొడవేమిటి అని అప్పట్లో నవ్వుకునేవాళ్లం. అక్షాంశం, రేఖాంశం అనే మాటలు డిగ్రీలో తెలుగు చదివి పత్రిక డెస్కులో చేరాక గానీ నా నోట పలకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పాత మాటల్లోనే ఒక అందం ఉంది. ప్రతి బలద్‌కూ దాని సొంత తూల్, సొంత అర్జ్ ఉంటాయి. పక్క ఊరివి అరువు తెచ్చుకోవడం కుదరదు.

ఇంకొన్ని చెబుతాను, సరదాకే. అలిపిరి నుంచి విశాఖపట్నం సూటి దూరం 600 కిలోమీటర్ల పైమాట. అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న మంగళూరు 500. అంటే మన రాష్ట్రపు పెద్ద రేవు కన్నా పడమటి సముద్రమే మనకు దగ్గర. హైదరాబాద్ 430, శ్రీలంక ఉత్తరపు కొసన ఉన్న జాఫ్నా 445. దాదాపు సమానం. చెన్నై 110, బెంగళూరు 210. మన హైకోర్టు, సెక్రటేరియట్ ఉన్న అమరావతి దిక్కుకు వెళ్లాలంటే మాత్రం చెన్నై దూరానికి మూడింతలు పోవాలి.

ఇప్పుడు అసలు సవాల్. తిరుపతి హైదరాబాద్‌కు తూర్పున ఉందా, పడమరన ఉందా?

నేను అడిగిన పదిమందిలో ఎనిమిది మంది పడమర అన్నారు. కారణం తెలిసిందే. రాయలసీమ అంటే పడమటి వైపు, కోస్తా అంటే తూర్పు వైపు అని మనసులో రెండు గదులు కట్టుకున్నాం. తిరుపతిని సీమ గదిలో పెట్టి తలుపు వేశాం. నిజానికి హైదరాబాద్ తూల్ 78.5 డిగ్రీలు, తిరుపతిది 79.4. దాదాపు ఒక డిగ్రీ మనమే తూర్పున ఉన్నాం. అంతెందుకు, నాగ్‌పూర్ కన్నా కూడా తిరుపతి కాస్త తూర్పే. అమెరికాలోనూ ఇదే తమాషా. 1978లో ఇద్దరు పరిశోధకులు జనాన్ని అడిగితే, నెవాడాలోని రీనో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకు తూర్పున ఉందన్నారు. కాలిఫోర్నియా పడమటి రాష్ట్రం, నెవాడా దానికి తూర్పు రాష్ట్రం, కాబట్టి ఊళ్లూ అంతే అనుకున్నారు. నక్షాలో రీనో పడమరన ఉంటుంది. మనిషి ఊరిని గుర్తుపెట్టుకోడు, ఊరు ఏ ఇంటిదో గుర్తుపెట్టుకుంటాడు.

సరే, ఒక డిగ్రీ అటో ఇటో అయితే కొంపలేం మునిగాయి అంటారా? సూర్యుడికి ఒక డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు పడుతుంది. రోజా ఉన్నవాడికి 4 నిమిషాలంటే ఏమిటో ఆ దస్తర్ఖాన్ ముందు కూర్చున్నవాడినే అడగాలి.

మా ఇంట్లో చిన్నప్పటినుంచీ గోడకు హైదరాబాద్‌లో అచ్చయిన రంజాన్ క్యాలెండరే వేలాడేది. సెహరీ ఖతం, ఇఫ్తార్, అన్నీ హైదరాబాద్ వేళలే. కింద సన్నటి అక్షరాల్లో వేరే ఊళ్ల పేర్లు, పక్కన కలపాల్సిన లేదా తీసేయాల్సిన నిమిషాలు. ఒక్కో ఊరికి ఒకే అంకె, ఏ నెల రంజాన్‌కైనా అదే. ఆ అంకెను చాలా ఏళ్లు ఖురాన్ మీద ప్రమాణంలా నమ్మాం, తౌబా. పత్రికలో సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల గడి నింపే పని నా మీద పడ్డాక గానీ అనుమానం రాలేదు.

విశాఖ సంగతి తీసుకోండి. అది హైదరాబాద్‌కు ఇంచుమించు అదే అర్జ్ మీద ఉంది, 17.4, 17.7. (విశాఖ హైదరాబాద్ కన్నా పిసరంత ఉత్తరాన ఉందంటే కూడా చాలామంది నమ్మరు.) తేడా అంతా తూల్‌లోనే. అందుకే విశాఖలో సూర్యుడు ఏడాది పొడుగునా హైదరాబాద్ కన్నా 19 నిమిషాల అటూఇటూగా ముందు అస్తమిస్తాడు. ఒకే అంకె వేసినా నడుస్తుంది. తిరుపతి అలా కాదు. మనం హైదరాబాద్‌కు తూర్పునా ఉన్నాం, దాదాపు 4 డిగ్రీలు దక్షిణానా ఉన్నాం. తూర్పున ఉన్నందుకు వచ్చే 4 నిమిషాల తేడా ఎప్పుడూ ఉంటుంది. దక్షిణాన ఉన్నందుకు వచ్చే తేడా మాత్రం కాలాన్ని బట్టి తిరగబడుతుంది. ఎండాకాలంలో ఉత్తరాది పగళ్లు మనకన్నా పొడుగు, చలికాలంలో మనకన్నా పొట్టి.

ఫలితం చూడండి. జూన్ ఆఖరున తిరుపతిలో మగ్రిబ్ హైదరాబాద్ కన్నా సుమారు 11 నిమిషాలు ముందు. డిసెంబర్ ఆఖరున 3 నిమిషాలు వెనక. ఒక కాలంలో తీసేయాలి, ఇంకో కాలంలో కలపాలి. ఒకే అంకె అచ్చువేసిన క్యాలెండర్ ఏడాదిలో ఏ కొద్ది రోజులో తప్ప సరిగ్గా ఉండదు.

2016, 2017ల్లో రంజాన్ జూన్‌లో పడింది. అప్పుడు హైదరాబాద్ వేళ చూసి ఇఫ్తార్ చేస్తే ఆలస్యమయ్యేదే తప్ప రోజాకు ఢోకా లేదు. సెహరీ కూడా అంతే. జూన్‌లో సుబహ్ సాదిఖ్ మనకన్నా హైదరాబాద్‌లోనే కొన్ని నిమిషాలు ముందు అవుతుంది కాబట్టి, అక్కడి వేళకు చెయ్యి కడిగేసుకుంటే మనది ఎహ్తియాత్ కిందికే వస్తుంది. ఎండలో రోజా కష్టం, హిసాబ్ సులువు. ఇప్పుడు రంజాన్ ఏటా 10, 11 రోజులు వెనక్కి జరుగుతూ చలికాలంలోకి వస్తోంది. 2030లో అయితే జనవరిలో ఒక రంజాన్, డిసెంబర్ ఆఖర్లో ఇంకొకటి మొదలవుతాయి. ఆ రోజుల్లో లెక్క రెండు వైపులా తిరగబడుతుంది. డిసెంబర్‌లో తిరుపతికి సుబహ్ సాదిఖ్ హైదరాబాద్ కన్నా 9 నిమిషాల దాకా ముందు వస్తుంది. హైదరాబాద్ వేళ చూసి ఆఖరి గుక్క నీళ్లు తాగినవాడు తెల్లవారాక తాగినట్టు. సాయంత్రం హైదరాబాద్ వేళకు ఖర్జూరం నోట్లో వేసుకున్నవాడు సూర్యుడింకా పూర్తిగా దిగకముందే వేసుకున్నట్టు. పొద్దంతా ఆకలికి ఓర్చుకుని, ఆ రెండు కొసల దగ్గర జారవిడుచుకోవడం కన్నా దుఃఖం ఏముంటుంది?

క్యాలెండర్లలో కొన్ని నిమిషాలు ఎహ్తియాత్ కోసం ముందే కలుపుతారు, నాకు తెలుసు. కానీ ఆ నిమిషాలు గడియారంలో తేడాల కోసం పెట్టినవి, ఊరు మారిన తేడాను మింగేయడానికి కాదు. ఇప్పుడు యాప్ ఉంది కదా అనే మాటా విన్నాను. ఉంది. మా చెల్లెలి ఫోన్‌లోనూ ఉంది. అందులో ఊరు హైదరాబాద్ అని పెట్టి ఉంది. నాలుగేళ్ల కింద అక్కడుండగా పెట్టుకున్నది, లొకేషన్ ఆఫ్.

1999 జనవరి రంజాన్ నాకు బాగా గుర్తు. అప్పుడు నాది కాలేజీ వయసు. మా దాదా క్యాలెండర్ వైపు చూసేవారే కాదు. ఖర్జూరం చేతిలో పట్టుకుని మేడెక్కేవారు. పడమర వైపు కాదు, తూర్పు వైపు చూసేవారు. పడమరన చంద్రగిరి వైపు కొండలడ్డం, సూర్యుడు దిగాడో కొండ వెనక దాక్కున్నాడో తెలియదు. తూర్పున నేల అంచు నుంచి నల్లటి నీడ పైకి లేచేదాకా ఆగి, అప్పుడు బిస్మిల్లా అనేవారు. కింద మేమంతా అప్పటికే రెండు పకోడీలు మింగేసి ఉండేవాళ్లం. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి. ఇప్పుడు హిసాబ్ వేసి చూస్తే, ఆ నెలలో ఆయన ఆగిన ఆ కొద్ది నిమిషాలూ సరిగ్గా ఆగాల్సినవే. ఆయన ఏ స్కూల్లోనూ జుగ్రాఫియా చదవలేదు.

అసలు మన గోడ మీదికి హైదరాబాద్ ఎలా వచ్చింది? ఉర్దూ అచ్చు అక్కడుంది, పెద్ద మదర్సాలు అక్కడున్నాయి, 1956 నుంచి 2014 దాకా రాజధానీ అదే. కానీ పాత తారీఖ్ చూస్తే తిరుపతి, చిత్తూరు ఆర్కాటు నవాబుల ఇలాఖా. 1801లో అక్కణ్ణుంచే కంపెనీ చేతికి పోయాయి. 1911లో చిత్తూరు జిల్లా పుట్టిందీ చాలావరకు ఉత్తర ఆర్కాటు, కడప ముక్కలతోనే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లేదాకా ఆ ఊరూ మన జిల్లానే. మన తూల్, అర్జ్ ఎప్పుడూ ఆ వైపువే. అరువే కావాలంటే చెన్నై వేళలు తెచ్చుకోండి, హైదరాబాద్‌వి కాదు. చెన్నై ఇఫ్తార్ వేళకు 5 నిమిషాలు కలిపితే ఏ నెలలోనైనా తిరుపతికి ఢోకా ఉండదు. సెహరీకి చెన్నై వేళ ఉన్నదున్నట్టు పాటించినా సలామతే. అరువే వద్దంటారా, మస్జిద్ కమిటీ ఒక సాయంత్రం కూర్చుంటే మన ఊరి హిసాబ్ మనమే వేసుకోవచ్చు. ప్రతి మొహల్లాలో బీటెక్ పిల్లలున్నారు, బేకార్‌గా కూడా ఉన్నారు.

ఇక ఖిబ్లా. ఇక్కడ నా రాయ్ వేరు. దీని మీద తక్రార్‌లు వద్దంటాను.

ఈ మధ్య ఒక మస్జిద్‌లో, పేరు అనవసరం, ఓ కుర్రాడు ఫోన్‌లో దిక్సూచి పెట్టి సఫ్‌లన్నీ తప్పని తేల్చాడు. బుజుర్గులకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా సూటిగా పడమరకు నిలబడుతున్నాం, మా నమాజులన్నీ పోయినట్టా అని ఒకాయన కంటతడి పెట్టారు. కుర్రాడు చెప్పిన అంకె సరైనదే. అలిపిరి నుంచి కాబా సూటిగా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి 17 డిగ్రీలు మళ్లాలి. దూరం 4,270 కిలోమీటర్లు. మక్కా అర్జ్ 21.4 డిగ్రీలు, అంటే ఇంచుమించు మన సూరత్, నాగ్‌పూర్‌ల వరసలో. తిరుపతిది 13.6. ఎడారి దేశం కదా, ఎక్కడో కింద పక్కన ఉంటుందని మన ఊహ. మనమే దానికి కిందున్నాం.

అయితే పడమర అనే మాట మనకు ఎవరు నేర్పారు? దీనికి నాకు తోచిన జవాబు ఇది. మన ఉర్దూ కితాబులు చాలావరకు ఢిల్లీ, లక్నో, దేవ్‌బంద్‌ల నుంచి వచ్చాయి. లక్నోలో నిలబడితే ఖిబ్లా నిజంగానే సూటిగా మగ్రిబ్, తేడా ఒక డిగ్రీ కూడా లేదు. ఢిల్లీలో పడమర నుంచి 3 డిగ్రీలు దక్షిణానికి. శ్రీనగర్‌లో 13 డిగ్రీలు దక్షిణానికి. అదే హైదరాబాద్‌లో 13 డిగ్రీలు ఉత్తరానికి, తిరువనంతపురంలో 24. లక్నోకు సరిపోయే మాటను అలిపిరిలో అప్పజెప్పాం. ఇక్కడ ఇంకో విచిత్రం చూడండి. లక్నో మక్కా కన్నా 5 డిగ్రీలు ఉత్తరాన ఉంది. మరి అక్కణ్ణుంచి ఖిబ్లా నైరుతికి కదా ఉండాలి? కాగితం నక్షా చూస్తే అలాగే ఉంటుంది. భూమి కాగితం కాదు. ఓ ఫుట్‌బాల్ మీద రెండు ఊళ్లకు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం లక్నో నుంచి సూటిగా పడమరకు బయల్దేరి, మెల్లగా కిందికి వంగుతూ మక్కా చేరుతుంది. మా భాంజా డల్లాస్‌లో ఉంటాడు. కాగితం మీద మక్కా అతనికి ఆగ్నేయంలో కనిపిస్తుంది. అతను నిలబడేది ఈశాన్యానికి. మొదట్లో వాళ్లమ్మ వీడియో కాల్‌లో చూసి, ఒరే అమెరికా పోయి ఖిబ్లా మార్చేశావా అని ఏడ్చినంత పని చేసింది.

మరి ఆ ముప్ఫై ఏళ్ల నమాజులు? దూరాన ఉన్నవాళ్లకు కాబా గోడ కాదు, ఆ జిహత్ చాలునని హనఫీ ఉలమా ఎప్పుడో చెప్పారు. రెండు వైపులా 45 డిగ్రీల దాకా గుంజాయిష్ ఇచ్చారు. 17 డిగ్రీలు అందులో హాయిగా ఇముడుతుంది. కొత్త మస్జిద్ కడుతుంటే పునాదికి ముందే సరిగ్గా కొలుచుకోండి. పాతది ఉంటే, అందరి మనసూ కుదిరిన రోజున జానమాజ్‌లు కాస్త మళ్లించి పరచుకోండి, కుదరకపోతే వదిలేయండి. పెద్దాయన కంట నీళ్లు తెప్పించేంత సంగతి కాదది. గుంజాయిష్ లేనిది నిమిషాల దగ్గర. విచిత్రమేమంటే మనం ఎప్పుడూ డిగ్రీల మీదే కొట్లాడతాం, నిమిషాల ఊసెత్తం.

ఇదంతా పరాయి విద్య అనుకునేవాళ్ల కోసం రెండు పేర్లు. అల్-బిరూనీ ఊళ్ల తూల్, అర్జ్ ఎలా తేల్చాలో ఒక కితాబే రాశాడు, 'తహ్‌దీద్ నిహాయాత్ అల్-అమాకిన్'. గజ్నీ ఖిబ్లా కచ్చితంగా ఎటు అని తేల్చడం అందులో ఆయన పెట్టుకున్న పని. వెయ్యేళ్ల కిందటి మాట. రెండో ఆయన మనకు చాలా దగ్గరివాడు. 1802లో మద్రాసులో మొదలైన మహా సర్వేతోనే ఈ దేశపు నక్షా కొలతలకు ఎక్కింది. ఆ సర్వే పరికరాలు మరమ్మతు చేసి, తయారు చేసి, జార్జ్ ఎవరెస్ట్ మెప్పు పొందిన పనివాడు సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. ఆయనది ఆర్కాటు. అలిపిరి నుంచి ఇంచుమించు సూటిగా దక్షిణానికి 80 కిలోమీటర్లు. తూల్ దాదాపు మనదే. మన స్కూల్ పుస్తకాల్లో ఎవరెస్ట్ పేరు కొండ మీద ఉంది, ఆయన పేరు నేను పత్రికలో చేరాకే విన్నాను.

పోయిన వేసవిలో ఒక పని చేశాను. ఏటా మే 28న మన టైం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తి మీద ఉంటాడు. జూలై 16న 2 గంటల 57 నిమిషాలకు మళ్లీ. ఆ క్షణంలో ప్రపంచంలో ఎండ ఉన్న ఏ ఊళ్లోనైనా నిలువు కర్ర నీడకు సరిగ్గా ఎదురు దిక్కే ఖిబ్లా. ఫోన్ అక్కర్లేదు, దిక్సూచి అక్కర్లేదు. అలిపిరి రోడ్డులో నా స్నేహితుడి మేడ ఉంది, చుట్టూ అడ్డం లేదు. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మా అమ్మాయి గొడుగు పట్టుకుంది, నేను చీపురుకర్రను ఇసుక డబ్బాలో గుచ్చి, దారానికి తాళంచెవి కట్టి నిలువు సరిచూశాను. టైం కాగానే నీడ వెంట గీత గీయాలి, చాక్‌పీస్ మరిచిపోయాను. కిందనుంచి స్నేహితుడి వాళ్లమ్మ ముగ్గుపిండి డబ్బా పంపారు.

గీత గీశాక మా అమ్మాయి కోణమానిని పెట్టి కొలిచింది. పిట్టగోడ సూటిగా తూర్పు-పడమరలకు కట్టిందని మేస్త్రీ మీద నమ్మకం పెట్టుకుంటే, 16 డిగ్రీలు వచ్చింది. ఒక డిగ్రీ మేస్త్రీది కావచ్చు, చీపురుకర్రది కావచ్చు. ఎండ తగ్గాక ఆ పెద్దావిడ మేడెక్కి వచ్చి గీత చూసి, ఇదేం ముగ్గు నాయనా అని అడిగారు. మక్కా ఇటు ఉందమ్మా అన్నాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ అటే చూసి, "కొండ వైపేనే" అన్నారు. నిజానికి కొండ ఇంకొంచెం ఉత్తరానికి ఉంటుంది. నేను సరిదిద్దలేదు. వాన పడేదాకా ఆ గీతను తొక్కకుండా పక్కనుంచి నడిచారట, స్నేహితుడు చెప్పాడు.